గిట్టుబాటు లెక్క: ఒక పుస్తకం, రెండు సమీకరణాలు

గిట్టుబాటు అనే మాటకు గణితంలో కచ్చితమైన రూపం ఉంది. మొత్తం ఖర్చూ మొత్తం రాబడీ సమానమయ్యే అమ్మకపు పరిమాణాన్ని లాభనష్ట రహిత బిందువు అంటారు. వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు అది బ్రేక్ ఈవెన్ పాయింట్. బజారు భాషలో ‘అసలు రావడం’. దానికి ఒక్కటి తగ్గితే నష్టం, ఒక్కటి పెరిగితే లాభం. ఆ బిందువును కనుక్కోవడానికి పదో తరగతిలో చెప్పే రేఖీయ సమీకరణాల జత చాలు. ఇంత తేలిక లెక్క నిజమైన వ్యాపారానికి ఎంతవరకు పనికొస్తుందన్న దగ్గరే అభిప్రాయభేదం మొదలవుతుంది.

ఈ సంవాదంలో ఒక పక్షం పదవీ విరమణ చేసిన లెక్కల మాస్టారిది. రెండో పక్షం విజయవాడలో తెలుగు పుస్తకాలు వేసే ఒక ప్రచురణకర్తది. వాదానికి ఆధారం 192 పేజీల ఒక కథల సంపుటి. దాని ధరలు లెక్క కోసం ఊహించుకున్నవి. ఖర్చుల స్వభావం మాత్రం అచ్చు రంగంలో ఉన్నదే.

192 పేజీలంటే పదహారు పేజీల ఫారాలు 12. ఒక్కో ఫారానికి రెండు వైపులా రెండు ప్లేట్ల చొప్పున 24, నాలుగు రంగుల అట్టకు 4, మొత్తం 28 ప్లేట్లు. ప్లేటుకు రూ. 400 చొప్పున రూ. 11,200. డీటీపీకి పేజీకి రూ. 50 చొప్పున రూ. 9,600, ప్రూఫులు దిద్దినందుకు పేజీకి రూ. 25 చొప్పున రూ. 4,800, అట్ట డిజైనుకు రూ. 4,400. ఇవన్నీ కలిపి రూ. 30,000. ఆపైన ఒక్కో ప్రతికి కాగితం, అచ్చు, బైండింగ్ రూ. 45, రవాణా రూ. 5, రచయితకు వెలలో పదో వంతు రాయల్టీ రూ. 20. అచ్చయిన పుస్తకం మీద జీఎస్టీ లేదు. అందువల్ల కాగితం మీద కట్టిన పన్ను సర్దుబాటు కాదు. అది ఆ రూ. 45లోనే కలిసి ఉంటుంది. పుస్తకం వెల రూ. 200. దుకాణాల కమీషన్ 40 శాతం పోగా ప్రచురణకర్త చేతికి వచ్చేది రూ. 120.

సమీకరణాలు కట్టడం, విప్పడం

మాస్టారు: ముందు ఖర్చును రెండుగా విడదీయాలి. ఒక్క ప్రతి వేసినా, వెయ్యి వేసినా మారని రూ. 30,000 స్థిర వ్యయం. ప్రతుల సంఖ్యతో పాటు పెరిగే రూ. 70 చర వ్యయం. ప్రతుల సంఖ్యను ‘ప’ అనీ, మొత్తం ఖర్చును ‘ఖ’ అనీ, రాబడిని ‘ర’ అనీ అనుకుంటే రెండు సమీకరణాలు వస్తాయి.

ఖ = 30,000 + 70ప
ర = 120ప

అసలు వచ్చే చోట ఖర్చూ రాబడీ సమానం. కాబట్టి మొదటి సమీకరణంలో ఖ బదులు 120ప ప్రతిక్షేపించాలి.

120ప = 30,000 + 70ప
50ప = 30,000
ప = 600

సరిచూడడమూ సులువే. 600 ప్రతులకు రాబడి 120 × 600 = రూ. 72,000. ఖర్చు 30,000 + 42,000 = రూ. 72,000. రెండూ సమానం.

ఈ సాధనలో అసలు కీలకం మధ్యలో వచ్చిన 50. అది అమ్మకపు ధరకూ చర వ్యయానికీ తేడా. వాణిజ్యశాస్త్రంలో దాన్ని కాంట్రిబ్యూషన్ అంటారు. అమ్ముడైన ఒక్కో ప్రతి తన ఖర్చు తాను తీర్చుకుని, రూ. 50 చొప్పున స్థిర వ్యయపు అప్పు తీరుస్తుంది. 600 ప్రతులతో ఆ అప్పు తీరిపోతుంది. 601వ ప్రతి నుంచి అదే రూ. 50 లాభంగా మిగులుతుంది. స్థిర వ్యయాన్ని కాంట్రిబ్యూషన్‌తో భాగించడమే మొత్తం సూత్రం. రూ. 10,000 లాభం కావాలంటే దాన్ని కూడా తీర్చాల్సిన అప్పుగానే భావించి స్థిర వ్యయానికి కలపాలి: 40,000ను 50తో భాగిస్తే 800 ప్రతులు.

గ్రాఫులో అడ్డంగా ప్రతులు, నిలువుగా రూపాయలు గుర్తిస్తే రెండు సరళరేఖలు వస్తాయి. ఒక రేఖ గీయడానికి రెండు బిందువులు చాలు. రాబడి రేఖ మూలబిందువు నుంచి బయలుదేరి, 1,000 ప్రతుల దగ్గర రూ. 1,20,000కు చేరుతుంది. ఖర్చు రేఖ నిలువు అక్షం మీద రూ. 30,000 దగ్గర మొదలై, 1,000 ప్రతుల దగ్గర రూ. 1,00,000కు చేరుతుంది. 600 ప్రతులు, రూ. 72,000 అన్న బిందువు దగ్గర రెండూ ఖండించుకుంటాయి. దానికి ఎడమవైపు రెండు రేఖల మధ్య ఎడం నష్టం, కుడివైపు ఎడం లాభం. 400 ప్రతుల దగ్గర నష్టం రూ. 10,000, వెయ్యి దగ్గర లాభం రూ. 20,000.

మొదటి ఆక్షేపం: లెక్కపెట్టాల్సింది అచ్చయిన ప్రతులా, అమ్ముడైన ప్రతులా?

ప్రచురణకర్త: లెక్కలో తప్పు లేదు మాస్టారూ. కానీ ఆ 600 ఏ ప్రతుల సంఖ్య? కాగితం, అచ్చు, బైండింగ్ ఖర్చు అచ్చు వేసిన ప్రతులను బట్టి పడుతుంది. రవాణా, రాయల్టీ, రాబడి అమ్ముడైన ప్రతులను బట్టి వస్తాయి. మీ సమీకరణంలో రెండింటికీ ఒకే అక్షరం. టిఫిన్ సెంటర్‌లో ఆ లెక్క చెల్లుతుంది. దోసె అడిగిన తరువాతే పిండి పెనం మీద పడుతుంది. పుస్తకం అలా కాదు. ఆఫ్‌సెట్ యంత్రం ఎక్కిందంటే వెయ్యి ప్రతులూ ఒకేసారి దిగుతాయి. వాటిలో మూడు వందలు గోడౌన్‌లో చెదలు పట్టినా వాటి కాగితం బిల్లు కట్టక తప్పదు.

మాస్టారు: ఆక్షేపం న్యాయమైనదే. దానికి మందు కూడా సమీకరణంలోనే ఉంది. ‘ప’ అంటే అమ్ముడైన ప్రతులని ముందే తేల్చుకోవాలి. అప్పుడు వెయ్యి ప్రతులు వేయడానికి పట్టే రూ. 45,000 చర వ్యయం కాదు, స్థిర వ్యయమే. అమ్మకంతో పెరిగేది రూ. 25 ఒక్కటే.

ఖ = 75,000 + 25ప
ర = 120ప

కాంట్రిబ్యూషన్ రూ. 95కు పెరిగింది, స్థిర వ్యయం రూ. 75,000కు పెరిగింది. 75,000ను 95తో భాగిస్తే 789.47. పుస్తకాన్ని ముక్కలుగా అమ్మలేం కనుక పై పూర్ణాంకం తీసుకోవాలి: 790 ప్రతులు. వెయ్యి ప్రతులూ అమ్మితే లాభం పాత లెక్కలోనూ ఇందులోనూ రూ. 20,000. అన్నీ అమ్ముడైన చోట రెండు లెక్కలకూ తేడా లేదు. అమ్ముడు పోని చోటే ఉంది.

ప్రచురణకర్త: అయితే ఆ 600కు అర్థమే లేదా?

మాస్టారు: ఉంది. వేసే ప్రతుల సంఖ్యను మారుస్తూ పోతే అది బయటపడుతుంది. 500 ప్రతులు వేస్తే స్థిర వ్యయం రూ. 52,500, అసలు రావడానికి 553 అమ్మాలి. ఉన్నవే 500. అంటే అన్నీ అమ్మినా రూ. 5,000 నష్టం. 600 వేస్తే స్థిర వ్యయం రూ. 57,000, 95తో భాగిస్తే సరిగ్గా 600. మొదటి జవాబు చెప్పింది దీన్నే: ఈ వెలకు, ఈ ఖర్చులకు 600 కంటే తక్కువ వేస్తే గిట్టుబాటు అసాధ్యం. 1,000 వేస్తే 79 శాతం, 2,000 వేస్తే 1,264 ప్రతులు, అంటే 63 శాతం అమ్మాలి. అమ్మాల్సిన శాతం తగ్గుతుంది, అమ్మాల్సిన సంఖ్య పెరుగుతుంది. ‘ఎక్కువ వేస్తే చౌక’ అన్న అచ్చు యంత్రం వాదనలో మొదటి సగమే వినిపిస్తుంది.

ప్రచురణకర్త: వేసినవన్నీ అమ్మకానికీ ఉండవు. 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతాలోని జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, మరో మూడు ప్రజా గ్రంథాలయాలకు తలా ఒక ప్రతి ప్రచురణకర్త ఉచితంగా పంపాలి. సమీక్షలకు వెళ్ళేవి, రచయితకు ఇచ్చేవి, ఆవిష్కరణ సభలో పెద్దలకు పంచేవి కలిపితే 40 దాకా పోతాయి.

మాస్టారు: వాటి అచ్చు ఖర్చు రూ. 45,000లో చేరిపోయింది కాబట్టి 790 మారదు. మారేది భద్రతా మార్జిన్. అమ్మకానికి మిగిలిన 960లో నుంచి 790 తీసేస్తే 170. అంటే పూర్తి అమ్మకం మీద 18 శాతం లోపు తగ్గుదలనే ఈ ప్రచురణ తట్టుకోగలదు. లాభనష్ట రహిత బిందువు ఎంతన్నదానితో పాటు, అది అంచుకు ఎంత దగ్గరగా ఉందన్నదీ చూడాలి.

రెండో ఆక్షేపం: రాబడికి ఒకే ధర ఉండదు

ప్రచురణకర్త: రాబడి రేఖకు వాలు 120 అన్నారు. దుకాణం ద్వారా అమ్మితే అంతే. జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవంలో, డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో సొంత స్టాల్ పెడితే పాఠకుడికి 20 శాతం తగ్గించి ఇచ్చినా రూ. 160 చేతికి వస్తుంది. ఒకే పుస్తకానికి రెండు ధరలుంటే ఏ వాలు గీస్తారు?

మాస్టారు: భారిత సగటు గీయాలి. పది ప్రతుల్లో మూడు స్టాల్‌లో, ఏడు దుకాణాల్లో అమ్ముడవుతాయనుకుంటే సగటు ధర 48 + 84 = రూ. 132. కాంట్రిబ్యూషన్ రూ. 107. స్టాల్ అద్దెలో ఈ పుస్తకం వాటాగా రూ. 6,000 పడితే స్థిర వ్యయం రూ. 81,000. దాన్ని 107తో భాగిస్తే 757 దాటి ఒక చిన్న భిన్నం వస్తుంది. 757 ప్రతుల మీద కాంట్రిబ్యూషన్ రూ. 80,999, ఒక్క రూపాయి తక్కువ. దగ్గరి పూర్ణాంకం అని 757 రాస్తే తప్పు, 758 రాయాలి. స్టాల్ లేకపోతే 790, ఉంటే 758.

ప్రచురణకర్త: పదిలో మూడు స్టాల్‌లో పోతాయన్న హామీ ఎవరిది? వాన పడి జనం రాకపోతే?

మాస్టారు: పదిలో ఒకటే పోతే సగటు ధర రూ. 124, కాంట్రిబ్యూషన్ రూ. 99, అమ్మాల్సినవి 819. అప్పుడు స్టాల్ పెట్టడమే నష్టం. హద్దు ఎక్కడన్నది స్టాల్‌కు విడిగా లెక్క కట్టితే తెలుస్తుంది. స్టాల్‌లో అమ్మిన ప్రతి దుకాణంలో అమ్మిన ప్రతి కంటే రూ. 40 ఎక్కువ తెస్తుంది. అద్దె రూ. 6,000. భాగిస్తే 150. దుకాణానికి వెళ్ళాల్సిన పాఠకుల్లో 150 మంది స్టాల్‌కు వస్తే అద్దె తీరుతుంది. దుకాణానికి ఎప్పుడూ రాని పాఠకుడు స్టాల్‌కు వస్తే, అతను కొన్న ప్రతి మీద రూ. 135 మిగులుతుంది కనుక ఆ సంఖ్య ఇంకా తగ్గుతుంది. మొత్తం ప్రచురణకు ఒక లాభనష్ట రహిత బిందువు ఉన్నట్టే, అందులోని ప్రతి అదనపు నిర్ణయానికీ ఒకటి ఉంటుంది.

మూడో ఆక్షేపం: ఖర్చు గీత తిన్నగా సాగదు

ప్రచురణకర్త: సరళరేఖ అంటే ఒకే వాలు. అచ్చు ఖర్చు అలా ఉండదు. వంద ప్రతులే కావాలంటే ఆఫ్‌సెట్ ఎవరూ వేయరు; డిజిటల్ యంత్రం మీద ప్లేట్లు లేకుండా వేస్తారు. ప్రతుల సంఖ్య పెరిగితే కాగితం టోకున కొనవచ్చు, ధర తగ్గుతుంది. మరీ పెరిగితే గోడౌన్ అద్దెకు తీసుకోవాలి, ఖర్చు మెట్టు ఎక్కినట్టు ఒక్కసారిగా లేస్తుంది. ఇన్ని వంపులున్న దాన్ని ఒక గీతగా గీయడం సౌకర్యం కోసం చేసిన అబద్ధం కాదా?

మాస్టారు: సమీకరణానికి ఒక పరిధి ఉంటుంది. రూ. 45 అన్న అంకె 100 నుంచి 2,000 ప్రతుల దాకా నిజమైతే, ఆ మధ్యే గీతను నమ్మాలి. పరిధి దాటితే మరో గీత గీయాలి. వంపుల్ని ముక్కలు ముక్కలుగా సరళరేఖలతో కొలవవచ్చు. డిజిటల్ ఉదాహరణే చూడవచ్చు. ప్లేట్ల ఖర్చు లేదు, ఒక్కో ప్రతి అచ్చుకు రూ. 101 అనుకుంటే, రెండు పద్ధతుల అచ్చు ఖర్చులు ఇలా ఉంటాయి.

ఆఫ్‌సెట్ ఖర్చు = 11,200 + 45ప
డిజిటల్ ఖర్చు = 101ప

సమానం చేస్తే 56ప = 11,200; ప = 200. ఇక్కడ ఖండించుకునేవి ఖర్చూ రాబడీ కావు, రెండు ఖర్చులు. పద్ధతి మాత్రం అదే. 200 ప్రతుల లోపు డిజిటల్ చౌక, ఆపైన ఆఫ్‌సెట్ చౌక.

ప్రచురణకర్త: డిజిటల్‌లో మరో సౌలభ్యం ఉంది. అడిగినన్నే వేయవచ్చు, మిగిలిపోయే స్టాకు ఉండదు. మీ మొదటి సమీకరణం దానికి సరిగ్గా అతుకుతుంది.

మాస్టారు: అతుకుతుంది, జవాబు చూడండి. ప్లేట్లు పోగా స్థిర వ్యయం రూ. 18,800. చర వ్యయం 101 + 25 = రూ. 126. దుకాణం నుంచి వచ్చేది రూ. 120. కాంట్రిబ్యూషన్ మైనస్ రూ. 6. సమీకరణం విప్పితే ప విలువ రుణసంఖ్య, సుమారు మైనస్ 3,133. మైనస్ ప్రతులు అమ్మడమంటూ ఉండదు కనుక దీనర్థం ఒకటే: రాబడి రేఖ కంటే ఖర్చు రేఖ నిటారుగా ఉంది, కుడివైపు ఎంత దూరం పోయినా అవి కలవవు, ఎడం పెరుగుతూ పోతుంది. ఎంత ఎక్కువ అమ్మితే అంత నష్టం. ధర సరిగ్గా రూ. 126 అయితే రెండు రేఖలూ సమాంతరాలు. పాఠ్యపుస్తకం భాషలో అది అసంగత జత, సాధన లేదు. నష్టం ఎప్పటికీ రూ. 18,800 దగ్గరే నిలుస్తుంది. అదే పుస్తకాన్ని దుకాణాలకు ఇవ్వకుండా పాఠకులకు నేరుగా రూ. 160కు పంపి, రవాణా రూ. 5 దాటకుండా చూసుకుంటే కాంట్రిబ్యూషన్ రూ. 34, అసలు రావడానికి 553 ప్రతులు. ఇలా సాధన లేని సమీకరణం కూడా, వెలో అమ్మే దారో మార్చాలని చెబుతుంది.

నాలుగో ఆక్షేపం: గ్రాఫులో కాలం లేదు

ప్రచురణకర్త: అన్నిటికంటే పెద్ద లోపం ఇది. మీ గ్రాఫులో అడ్డగీత మీద ప్రతులున్నాయి, నెలలు లేవు. 790 ప్రతులు ఏడాదిలో పోయినా, అయిదేళ్ళలో పోయినా మీకు ఒకే బిందువు. ప్రెస్సు బిల్లు ఇవాళ కట్టాలి. దుకాణం వాళ్ళు అమ్మిన తరువాత, తీరిక దొరికినప్పుడు ఇస్తారు. ఆ మధ్య కాలానికి వడ్డీ ఎవరు కడతారు?

మాస్టారు: ఈ లోపానికి పెద్ద ఉదాహరణ విమాన పరిశ్రమలో ఉంది. అమెరికాలో లాక్‌హీడ్ కంపెనీ ట్రైస్టార్ విమానం తయారీకి ప్రభుత్వ హామీతో రుణం కోరినప్పుడు, 195 నుంచి 205 విమానాలు అమ్మితే అసలు వస్తుందని 1971లో అక్కడి కాంగ్రెస్‌కు చెప్పింది. ఆ లెక్కలో పెట్టుబడి మీద వడ్డీ లేదు. ఆర్థికవేత్త ఉవే రైన్‌హార్ట్ 1973లో ప్రచురించిన వ్యాసంలో పెట్టుబడి వ్యయాన్ని కలిపి చూస్తే, కావలసిన విమానాల సంఖ్య దానికి రెట్టింపు దాటింది. ఉత్పత్తి ఆగేసరికి తయారైనవి 250. పాత లెక్క ప్రకారం అది గట్టెక్కిన పథకం. వడ్డీతో కూడిన లెక్క ప్రకారం మునిగిన పథకం.

ప్రచురణకర్త: అంటే ఆక్షేపం ఒప్పుకున్నట్టేనా?

మాస్టారు: లోపాన్ని ఒప్పుకున్నట్టు. దిద్దుబాటు కూడా చూడాలి. రూ. 75,000 మొత్తం నూటికి ఏడాదికి 12 రూపాయల సాధారణ వడ్డీకి తెచ్చారనీ, మధ్యలో అసలు తీర్చకుండా చివర ఒకేసారి కడతారనీ అనుకుంటే నెలకు వడ్డీ రూ. 750. ఇప్పుడు చరరాశి ప్రతులు కాదు, నెలలు. దాన్ని ‘న’ అనుకోవచ్చు. నెలకు 50 ప్రతులు అమ్ముడైతే నెలకు వచ్చే కాంట్రిబ్యూషన్ రూ. 4,750.

4,750న = 75,000 + 750న
4,000న = 75,000
న = 18.75

పంతొమ్మిదో నెలలో, 938వ ప్రతి దగ్గర అసలు వస్తుంది. వడ్డీ లేనప్పుడు 790. అమ్మకానికి ఉన్నవి 960 కనుక గట్టెక్కినట్టే, అంచు మీద. నెలకు వంద అమ్ముడైతే తొమ్మిదో నెలలో, 858వ ప్రతి దగ్గర తేలుతుంది. నెలకు 40 అయితే 984 ప్రతులు కావాలి, అన్ని లేవు. లెక్క కడితే, నెలకు 45 ప్రతులకు తగ్గితే ఈ పుస్తకం వడ్డీ భారంతో ఎప్పటికీ గిట్టదు. నెలకు ఏడే పోతే వచ్చే రూ. 665 ఆ నెల వడ్డీకే చాలదు. స్టాకు ఎంత ఉన్నా అసలు రాదు. అది కూడా ఇందాకటి కలవని గీతల కథే. వచ్చిన సొమ్ముతో నెలనెలా అసలు తగ్గిస్తూ పోతే వడ్డీ భారం తగ్గి ఈ సంఖ్యలు కొంత దిగుతాయి. అప్పుడు వడ్డీ గీత తిన్నగా కాక వంగుతూ సాగుతుంది.

అయిదో ఆక్షేపం: ఎందరు కొంటారో చెప్పని లెక్క

ప్రచురణకర్త: ఎన్ని అమ్మాలో చెప్పారు. ఎన్ని అమ్ముడవుతాయో ఏ సమీకరణమూ చెప్పలేదు. ఈ రచయిత కథల పుస్తకం ఏడు వందలు పోతుందని అనుభవం చెబుతోంది. 790 అమ్మాలన్న జవాబుతో ఏం చేయాలి?

మాస్టారు: లెక్కను తిరగేయాలి. ప్రతులు 700 అని తెలిసినప్పుడు తెలియని రాశి వెల. దాన్ని ‘వె’ అనుకుంటే, కమీషన్ పోగా 0.6వె, రాయల్టీ 0.1వె, రవాణా 5. ఒక్కో ప్రతి మీద కాంట్రిబ్యూషన్ 0.5వె − 5. ఏడు వందల ప్రతులు రూ. 75,000 తీర్చాలి.

700 (0.5వె − 5) = 75,000
0.5వె = 112.14
వె = 224.28

వెల రూ. 225 పెడితే 700 ప్రతుల మీద రూ. 250 మిగులుతుంది. పాత వెల రూ. 200 దగ్గరే ఉంచితే అదే అమ్మకం మీద రూ. 8,500 నష్టం.

ప్రచురణకర్త: వెల పెంచితే ఆ ఏడు వందల మందీ కొంటారా? కొనేవాళ్ళ సంఖ్యను కదలకుండా పట్టుకుని వెలను కదిలించారు. బజారులో రెండూ కలిసి కదులుతాయి.

మాస్టారు: కదులుతాయి. 1850లోనే డయోనిసియస్ లార్డ్‌నర్ రైల్వేల ఆర్థిక వ్యవహారాల మీద రాసిన గ్రంథంలో దీన్ని బొమ్మగా గీశాడు. చార్జీ సున్నా అయితే రాబడి సున్నా. చార్జీ మరీ పెరిగితే ప్రయాణికులే ఉండరు కనుక మళ్ళీ రాబడి సున్నా. మధ్యలో రాబడి విల్లులా లేచి దిగుతుంది. ఖర్చు గీత ఆ విల్లును రెండు చోట్ల కోస్తుంది. చార్జీ ఆ రెండింటి మధ్య ఉంటేనే లాభం. ఈ బొమ్మలో అడ్డగీత మీద ఉన్నది ధర. ఇందాకటి గ్రాఫులో ధరను స్థిరంగా ఉంచి ప్రతుల సంఖ్యను మార్చాం. రెండూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

సరళరేఖల లెక్క ఇక్కడ ఒక హద్దు మాత్రం గీసి చూపగలదు. రూ. 200 వెలకు అమ్మాల్సినవి 790. రూ. 225 వెలకు కాంట్రిబ్యూషన్ రూ. 107.50 కనుక అమ్మాల్సినవి 698. రెండింటికీ తేడా 92. పాతిక రూపాయలు పెంచినందువల్ల కొనేవాళ్ళు అంత మంది తగ్గకపోతే పెంపు వల్ల గిట్టుబాటు దగ్గరపడుతుంది; అంతకు మించి తగ్గితే దూరమవుతుంది. ‘వెల పెంచవచ్చా’ అన్న ప్రశ్న, ‘వెల పెంచితే తొంభై మందికి పైగా వెనుదిరుగుతారా’ అన్న ప్రశ్నగా మారింది. రెండో ప్రశ్నకు జవాబు చెప్పగలిగేది పుస్తకాల దుకాణంలో కూర్చునే మనిషి, సమీకరణం కాదు.

ఉభయపక్షాలకు తేలినది

ఒకే పుస్తకానికి 600, 790, 758, 938 అన్న నాలుగు జవాబులు వచ్చాయి. సమీకరణాలు విప్పడంలో ఎక్కడా పొరపాటు లేదు. జవాబు మారినప్పుడల్లా మారింది సమీకరణం కట్టిన తీరు: చరరాశి దేన్ని లెక్కపెడుతోంది, ఏ ఖర్చు దానితో కదులుతోంది, ఏది కదలడం లేదు, రాబడిలో ఎన్ని ధరలు కలిసి ఉన్నాయి, కాలానికి వెల కట్టారా లేదా. ఒక ఖర్చును స్థిరమనో చరమనో పిలవడం ఆ ఖర్చు స్వభావాన్ని బట్టి కాదు, ఎంచుకున్న చరరాశిని బట్టి. కాగితం ఖర్చు అచ్చయిన ప్రతుల లెక్కలో చరం, అమ్ముడైన ప్రతుల లెక్కలో స్థిరం.

కాబట్టి లాభనష్ట రహిత బిందువు కనుక్కునే క్రమం ఇది. ముందు చరరాశిని మాటల్లో నిర్వచించాలి. ఒక్కో ఖర్చునూ దానితో కదిలేదా, కదలనిదా అని విడదీయాలి. చేతికి నిజంగా వచ్చే ధరను, పలు ధరలుంటే వాటి భారిత సగటును తీసుకోవాలి. స్థిర వ్యయాన్ని కాంట్రిబ్యూషన్‌తో భాగించి, భిన్నం వస్తే పై పూర్ణాంకానికి చేర్చాలి. కాంట్రిబ్యూషన్ సున్నా అయినా, రుణసంఖ్య అయినా అక్కడే ఆగి ధరనో పద్ధతినో మార్చాలి. వచ్చిన సంఖ్య సరుకు ఉన్నంతలో, గీత చెల్లే పరిధిలో ఉందో లేదో చూడాలి. ఆ తరువాత భద్రతా మార్జిన్, అమ్మకాల వేగం, వడ్డీ సరిచూడాలి.

మాస్టారి పక్షం నిలిచింది ఈ క్రమం దగ్గర. ప్రచురణకర్త ఆక్షేపాల్లో నాలుగు సమీకరణంలోనే ఇమిడిపోయాయి: ఒకటి చరరాశి నిర్వచనాన్ని, ఒకటి వాలును, ఒకటి గీత చెల్లే పరిధిని, ఒకటి అడ్డగీత మీది కొలతను మార్చాయి. అయిదోది మిగిలిపోయింది. ఎందరు కొంటారన్నది ఆ రెండు గీతల్లో దేనిలోనూ లేదు. ఆ అంచనా బయటి నుంచే రావాలి.